డెట్రాయిట్, రంగూన్, పైడిభీమవరం: డాక్యుమెంటరీలతో వలస గురించి ఒక డిగ్రీ క్లాసు

శ్రీకాకుళం జిల్లాలో పొలిటికల్ సైన్స్ చెప్పేవాళ్ళకి వలస గురించి ఉదాహరణలు వెతుక్కోవాల్సిన పనిలేదు. క్లాసులో ఏ బెంచీని కదిపినా ఒక కథ వస్తుంది. తీరప్రాంతం పిల్లల తండ్రులు గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళి అక్కడి బోట్లలో వేటకి పోతారు. కొత్తూరు, హిరమండలం వైపు కుటుంబాలు చెన్నై, హైదరాబాద్ బిల్డింగ్ పనులకి వెళ్తాయి. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, వాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలే. ఇక క్లాసులో ఇద్దరు ముగ్గురికైనా అమెరికాలో మేనమామో, పెదనాన్న కొడుకో ఉంటాడు.

అలాంటి క్లాసులో ఒకసారి 'మా ప్రాంతం సమస్యలు' అని ఒక పేజీ రాసుకురమ్మన్నాను. చాలామంది మన జిల్లాలోనే ఉన్న పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల గురించి రాశారు. 'హిందీవాళ్ళు వచ్చి మన పనులు పట్టుకుపోతున్నారు', 'వాళ్ళు తక్కువ కూలికి ఒప్పుకుని మన రేటు పాడుచేస్తున్నారు', 'వాళ్ళు వచ్చాక సాయంత్రం ఆడపిల్లలు రోడ్డు మీదకి రావాలంటే భయంగా ఉంది'. ఒక కాగితంలో పై పేరాలో 'మా నాన్నగారు చెన్నైలో సెంట్రింగ్ పని చేస్తారు, అక్కడివాళ్ళు మమ్మల్ని చులకనగా చూస్తారు' అని ఉంది. కింది పేరాలో జార్ఖండ్ కూలీల మీద అచ్చంగా అదే చులకన ఉంది. రాసిన అబ్బాయికి ఆ రెండు పేరాలకీ సంబంధం ఉందని తోచలేదు. అతను తెలివైన కుర్రాడు, మంచివాడు కూడా. ఇంట్లో విన్నది ఒకచోట, వీధిలో విన్నది ఇంకోచోట దాచుకున్నాడు, అంతే.

సిలబస్‌లో పౌరసత్వం ఉంది. రాజ్యాంగం రెండో భాగం, 5 నుంచి 11 వరకు అధికరణలు. పిల్లలు వాటిని బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు. ఎవరు మనవాళ్ళు, ఎవరు పైవాళ్ళు, ఆ గీత ఎవరు గీస్తారు, ఎప్పుడు జరుపుతారు అనేది ఆ అధికరణల్లోంచి వాళ్ళకి అందదు. ఆ సెమిస్టర్‌లో ఫైనలియర్ బ్యాచ్‌తో డాక్యుమెంటరీల మీద క్లాసులు నడపడానికి కారణం ఇదే. ఏం చూపించాను, పిల్లలు ఎక్కడ కదిలారు, ఎక్కడ కదల్లేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఇదే పని చేయాలనుకునే ఇతర లెక్చరర్లకి పనికొస్తుందని నా ఆశ.

దూరం నుంచి మొదలుపెట్టడం

తోటి లెక్చరర్లు కొందరు మన జిల్లా వలస మీద తీసిన వీడియోలతో మొదలుపెట్టమన్నారు. నేను కావాలనే ఆ పని చేయలేదు. సొంత ఊరి గొడవతో మొదలుపెడితే పిల్లలు మొదటి నిమిషంలోనే ఏదో ఒక పక్షం తీసుకుంటారు. ఆ తర్వాత మనం ఏం చెప్పినా పక్షం నిలబెట్టుకోవడానికే వింటారు. పరాయి దేశం కథలో వాళ్ళకి పంతం ఉండదు. న్యాయం ఎటుందో ధైర్యంగా చెప్తారు. అలా చెప్పాక, అదే తూకం రాళ్ళతో ఇంటి సరుకు తూయమని అడగొచ్చు. ఈ వరస చాలా ముఖ్యం అని నా నమ్మకం. తిరగేసి చేస్తే ఫలితం ఉండదు.

మొదటి సినిమా 'హూ కిల్డ్ విన్సెంట్ చిన్?'. క్రిస్టీన్ చోయ్, రెనీ తజిమా 1987లో తీశారు. 1982 జూన్‌లో, అమెరికా కార్ల పరిశ్రమకి కేంద్రమైన డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న హైలాండ్ పార్క్‌లో, విన్సెంట్ చిన్ అనే 27 ఏళ్ళ చైనీస్ అమెరికన్ యువకుణ్ణి రొనాల్డ్ ఎబెన్స్ అనే అతను బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టాడు. ఎబెన్స్ సవతి కొడుకు మైఖేల్ నిట్జ్ చిన్‌ని పట్టుకుని ఉన్నాడు. నాలుగు రోజులకి చిన్ చనిపోయాడు. కొద్దిరోజుల్లో అతని పెళ్ళి. జపాన్ కార్లు అమెరికా మార్కెట్‌లోకి వచ్చి డెట్రాయిట్‌లో వేలమందికి ఉద్యోగాలు పోతున్న కాలం అది. మీవల్లే మాకు పనిలేకుండా పోయిందని ఎబెన్స్ బూతులు తిట్టడం విన్నట్టు ఒక సాక్షి చెప్పింది. చిన్ జపాన్‌వాడు కాదు. పైగా అతనూ కార్ల పరిశ్రమకి పనిచేసే డ్రాఫ్ట్స్‌మనే. రాష్ట్ర కోర్టు ఆ ఇద్దరికీ జైలు వేయలేదు. మూడేళ్ళ ప్రొబేషన్, మూడు వేల డాలర్ల జరిమానాతో సరిపెట్టింది. ఆసియా అమెరికన్లు దేశమంతా ఆందోళన చేశాక ఫెడరల్ కేసు నడిచింది. 1984లో ఎబెన్స్‌కి 25 ఏళ్ళ శిక్ష పడింది, అప్పీలులో అది రద్దయింది, 1987లో మళ్ళీ విచారణ జరిపి నిర్దోషిగా వదిలేశారు.

ఈ సినిమాను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులో కొడుకుని పోగొట్టుకున్న లిలీ చిన్ ఏడుపూ ఉంటుంది, ఎబెన్స్ తన ఇంట్లో కూర్చుని నెమ్మదిగా తన వైపు చెప్పుకునే మాటలూ ఉంటాయి. ఎవరిని నమ్మాలో మనమే తేల్చుకోవాలి.

బోర్డు మీద రెండే ప్రశ్నలు రాశాను. ఈ సినిమాలో మాట్లాడనివాళ్ళు ఎవరు? ఈ గొడవ వల్ల లాభపడ్డవాళ్ళు ఎవరు? సెమిస్టర్ పొడుగునా ఈ రెండింటినీ మార్చలేదు.

సినిమా మొత్తం ఏకబిగిన చూపించలేదు. మా పిల్లలకి అమెరికన్ ఇంగ్లిష్ ఉచ్చారణ పట్టుబడదు, తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. చిన్న చిన్న ముక్కలుగా ఆపుతూ, ముందు తెలుగులో చెప్పి, తర్వాత చూపించి, మళ్ళీ అదే ముక్క సౌండ్ తీసేసి చూపించాను. సౌండ్ లేకుండా చూసినప్పుడు పిల్లలు మొహాలు చూస్తారు, గదులు చూస్తారు, కెమెరా ఎక్కడ పెట్టారో చూస్తారు. ఎబెన్స్ మాట్లాడే ముక్కను అలా రెండోసారి చూశాక, వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి లేచింది.

"సార్, ఉద్యోగం పోయింది ఎవరికి?"

నిట్జ్‌కి పోయింది. ఎబెన్స్ అప్పటికి క్రైస్లర్ కంపెనీలో సూపర్‌వైజరు.

"మరి బ్యాట్ పట్టుకున్నోడు ఉద్యోగం ఉన్నోడే కదండీ. ఉద్యోగం పోయిందన్నది ఉత్తి వంక అయితే, మరి కోపం దేని మీద?"

ఆ రోజు మిగతా గంటంతా ఆ ప్రశ్న మీదే నడిచింది. పని పోవడం వేరు, పని పోయిందన్న మాట ఊరంతా వినిపించడం వేరు అని పిల్లలే తేల్చారు. ఆ మాట గాల్లో ఉంటే చాలు, పని పోనివాడు కూడా దాన్ని తీసి వాడుకుంటాడు. కార్లు అమ్ముడుపోకపోవడానికి పెట్రోలు ధరలు, కంపెనీల నిర్ణయాలు, ఇలా ఎన్నో కారణాలు. అవేవీ రోడ్డు మీద కనపడవు. చిన్ మొహం కనపడింది.

'తెల్లవాడు' అని వాదించిన పంజాబీ

రెండో సినిమా 'రేస్: ది పవర్ ఆఫ్ యాన్ ఇల్యూజన్'. 2003లో వచ్చిన మూడు భాగాల సిరీస్. మొదటి భాగంలో రకరకాల రంగుల విద్యార్థులు తమ డీఎన్ఏ పరీక్షించుకుంటారు. ఎవరికి ఎవరు దగ్గరో ముందే ఊహించి రాసుకుంటారు, ఫలితాలు ఆ ఊహని తప్పంటాయి. ఒకే 'జాతి' అనుకున్న ఇద్దరి మధ్య ఉన్న తేడా, వేరే 'జాతి' మనిషితో ఉన్న తేడా కంటే ఎక్కువ ఉండొచ్చు. సైన్స్ గ్రూపు పిల్లలు కొందరు ఈ క్లాసుకి కూర్చుంటామని అడిగి వచ్చారు. ఈ భాగం తేలిగ్గా ఎక్కేసింది, దీని గురించి ఎక్కువ చెప్పను.

మూడో భాగం దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. అందులో భగత్ సింగ్ థిండ్ కేసు వస్తుంది. 1790 నాటి అమెరికా చట్టం ప్రకారం పైదేశాల నుంచి వచ్చినవాళ్ళలో 'స్వేచ్ఛగల తెల్లవాళ్ళ'కే పౌరసత్వం. అంతర్యుద్ధం తర్వాత, 1870లో, ఆఫ్రికా మూలాలున్నవాళ్ళని చేర్చారు. ఆసియావాళ్ళు రెండింటిలోనూ లేరు. పంజాబ్ నుంచి వెళ్ళిన థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. శాస్త్రజ్ఞుల లెక్కన ఉత్తర భారతీయులు కాకేసియన్లు, అంటే యూరప్‌వాళ్ళ జాతే, కాబట్టి నేను తెల్లవాడినే అని పౌరసత్వం కోసం వాదించాడు. 1923 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. శాస్త్రం ఏమన్నా సరే, మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు అంది. అంతకు మూడు నెలల ముందే అదే కోర్టు టకావో ఒజావా అనే జపనీయుడి చర్మం ఎంత తెల్లగా ఉన్నా కాకేసియన్ కాదు కాబట్టి తెల్లవాడు కాదని చెప్పింది. ఒకరికి శాస్త్రం అడ్డం, ఇంకొకరికి శాస్త్రం చెల్లదు.

పిల్లలకి కోర్టు మీద కోపం వచ్చింది. అక్కడితో ఆపితే అది అమెరికాని తిట్టుకునే క్లాసు అయిపోయేది. సినిమా ఆపేసి, ఆ కేసులో సుప్రీంకోర్టు ముందున్న ప్రశ్నని బోర్డు మీద తెలుగులో రాశాను: 'పంజాబ్‌లోని అమృత్‌సర్‌లో పుట్టిన, పూర్తి భారతీయ రక్తం గల అగ్రకుల హిందువు తెల్లవాడేనా?' కేసు కాగితాల్లో నిజంగానే 'అగ్రకుల' అనే మాట ఉంది. థిండ్ సిక్కు, అయినా ఆ రోజుల్లో అమెరికన్లు భారతీయులందర్నీ హిందువులనే అనేవారు. అగ్రకులంవాడు కింది కులాలతో కలవడు కాబట్టి ఆర్యరక్తం స్వచ్ఛంగా మిగిలిందని అతని తరఫున వాదించారు.

క్లాసు నిశ్శబ్దమైపోయింది. తర్వాత ఒక దళిత విద్యార్థి, మా కాలేజీ కబడ్డీ టీమ్‌లో ఆడే కుర్రాడు, లేచి అన్నాడు: "అంటే సార్, ఆయన తలుపు తెరవమని అడగలేదు. నన్నొక్కణ్ణి లోపలికి రానీయండి, నేను ఆళ్ళలాంటోణ్ణి కాదు అన్నాడు."

నేను ఇన్నేళ్ళుగా థిండ్ కేసు చెబుతున్నాను. అంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు. ఇంకో అమ్మాయి ఒప్పుకోలేదు. చట్టంలో రెండే గుమ్మాలు ఉన్నప్పుడు మనిషి ఏ గుమ్మం దగ్గర నిలబడాలి, అతని స్థితిలో ఉంటే నువ్వయినా అదే వాదిస్తావు అంది. ఆ వాదన చాలాసేపు నడిచింది. నేను ఇద్దరికీ మార్కులు వేశాను, తీర్పు చెప్పలేదు.

ఇక్కడే పిల్లలు అమెరికా జాతి వివక్షని మన కులంతో పోల్చడం మొదలుపెట్టారు. ఆ పోలిక సహజం, కొత్తదీ కాదు. 1946లో అంబేడ్కర్, నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాసి, అమెరికా నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకునే అర్జీ ప్రతి పంపమని అడిగారు. అంటరానివాళ్ళ తరఫున అలాంటిదే పెట్టాలని ఆయన ఆలోచన. ఈ సంగతి చెప్పాను. కానీ పోలికతో సంతృప్తిపడి ఆగిపోనివ్వలేదు. అమెరికాలో మనుషుల్ని ఆస్తిగా లెక్కగట్టే బానిసత్వ చట్టం ఉండేది, అక్కడి చరిత్ర అక్కడిది. రెండూ ఒకటే అనేస్తే రెండింటి గురించీ తెలుసుకోవాల్సిన అవసరం పోతుంది.

పిల్లల్ని ఎక్కువ కదిలించింది థిండ్ కేసు తర్వాతి చరిత్ర. 1946లో భారతీయులకి పౌరసత్వ హక్కు ఇచ్చినా ఏడాదికి వంద మందికే ప్రవేశం. 1965లో దేశాలవారీ కోటాలు తీసేసిన చట్టం వచ్చింది. అంతకుముందు ఏడాదే పౌరహక్కుల చట్టం వచ్చింది, దాని వెనక నల్లవాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకి వెళ్ళి చేసిన పోరాటం ఉంది. జాతిని బట్టి గీతలు గీయడం తప్పని దేశం చేత ఒప్పించింది ఆ పోరాటమే. ఆ ఊపులోనే వలస చట్టమూ మారింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు వేల సంఖ్యలో వెళ్ళగలిగింది అప్పటినుంచే. అమెరికాలో అన్నయ్య ఉన్న ఒక అబ్బాయి ఆ సాయంత్రం స్టాఫ్ రూమ్‌కి వచ్చాడు. వాళ్ళన్నయ్య ఫోన్లో నల్లవాళ్ళ గురించి ఎప్పుడూ హేళనగా మాట్లాడతాడట. "ఈ సంగతి మా అన్నకి తెలీదు సార్, నేను చెప్తాను" అన్నాడు. చెప్పాడో లేదో నేను అడగలేదు.

రంగూన్: మనమే 'పైవాళ్ళం' అయినప్పుడు

డెట్రాయిట్ నుంచి నేరుగా పైడిభీమవరానికి రాకూడదు. మధ్యలో ఒక మెట్టు కావాలి. ఉత్తరాంధ్రకి ఆ మెట్టు రంగూన్.

ఇక్కడి పల్లెల్లో పాతతరం 'రంగం వెళ్ళారు' అని చెప్పుకునే కథలు ఇంకా ఉన్నాయి. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలకు వేలమంది తెలుగువాళ్ళు బంగాళాఖాతం దాటి రంగూన్ రేవులో, వడ్లమిల్లుల్లో, రిక్షాల దగ్గర పనిచేశారు. కోరంగి రేవు పేరుమీద అక్కడ వాళ్ళని కోరంగీలనేవారు. 1931 లెక్కల నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మెకట్టారు. ఓడల సరుకు దింపే కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని దింపాయి. కొన్నాళ్ళకి తెలుగువాళ్ళతో రాజీపడి, బర్మా కూలీలని పొమ్మన్నాయి. పనికొచ్చిన బర్మావాళ్ళకి రేవు గేటు దగ్గర ఆ మాట తెలిసింది. అక్కడ మొదలైన కొట్లాట ఊరంతా పాకి వందమందికి పైగా చనిపోయారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలే.

దీని మీద క్లాసులో చూపించడానికి తగిన డాక్యుమెంటరీ నాకు దొరకలేదు. అందుకని పిల్లల్నే ఇళ్ళకి పంపాను. ఫోన్‌లో రికార్డు చేసుకురమ్మన్నాను. ఒక అమ్మాయి వాళ్ళ నాయనమ్మ మాటలు తెచ్చింది. ఆవిడ అత్తవారు 1942లో జపాన్ బాంబులు పడ్డప్పుడు రంగూన్ వదిలి అరకాన్ కొండలమీదుగా నడిచివచ్చిన కుటుంబం. ఆ ఏడు నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు, వేలమంది దారిలోనే పోయారు. ఆ రికార్డింగులో ఆవిడ అత్తగారు చెప్పిన మాటే చెప్తుంది: దారిలో నీళ్ళు అమ్మేవారు, డబ్బున్నోళ్ళకే నీళ్ళు. అది విన్నప్పుడు క్లాసులో చాలామంది తలలు దించుకున్నారు.

తర్వాత బోర్డు మీది మొదటి ప్రశ్న మళ్ళీ అడిగాను. ఈ కథలో మాట్లాడనివాళ్ళెవరు? ఇళ్ళ నుంచి వచ్చిన రికార్డింగులన్నిటిలోనూ బర్మావాళ్ళు కత్తులు పట్టుకుని వచ్చినవాళ్ళే. గేటు దగ్గర పని పోయిన బర్మా కూలీ ఏ ఇంటి కథలోనూ లేడు. నాయనమ్మ రికార్డింగు తెచ్చిన అమ్మాయే ఆ మాట అంది. అనడానికి ఆమెకి కష్టమైంది, గొంతు పూడుకుపోయింది. రెండో ప్రశ్నకి జవాబు వెంటనే వచ్చింది. తెలుగువాడూ బర్మావాడూ ఒకళ్ళ పీక ఒకళ్ళు పట్టుకుంటే, రేటు తగ్గించుకున్నది సరుకు దింపించే కంపెనీ.

1962 తర్వాత సైనిక ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేసినప్పుడు మిగిలిన భారతీయులూ లక్షల్లో తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వచ్చిందే. మన పిల్లలు బస్సులో ఆ స్టాపు మీదుగా వెళ్ళొస్తూనే ఉంటారు.

పైడిభీమవరం గదులు

సెమిస్టర్ చివర్లో పిల్లలే ఒక చిన్న డాక్యుమెంటరీ తీయాలి. రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలు ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళలో గదులు అద్దెకి తీసుకుని బిహార్, జార్ఖండ్, ఒడిశా కూలీలు ఉంటారు. అక్కడే తీయాలని పిల్లలే అనుకున్నారు. నేను పెట్టిన షరతులు గట్టివి. ముందు కెమెరా లేకుండా వెళ్ళి మాట్లాడాలి. మనిషి ఒప్పుకుంటేనే మొహం, లేదంటే చేతులు, చెప్పులు, గది. కంపెనీ పేరు, కాంట్రాక్టర్ పేరు ఉండకూడదు. యూట్యూబ్‌లో పెట్టకూడదు, వాట్సాప్‌లో పంపకూడదు. పని పోగొట్టుకునేది మాట్లాడిన మనిషే, మనం కాదు.

కెమెరా పట్టుకున్న కుర్రాడిది మత్స్యకార కుటుంబం. వాళ్ళ నాన్న వీరావల్ నుంచి వేటకి వెళ్తాడు. 2018 చివర్లో పాకిస్తాన్ పట్టుకుపోయిన మన జిల్లాల మత్స్యకారులు పై ఏడాదంతా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలైనప్పుడు ఈ కుర్రాడు హైస్కూల్లో ఉన్నాడు. సముద్రంలో గీత కనపడదు, జీపీఎస్‌లో కనపడుతుంది, చేప కోసం పోయినవాడు ఆ గీత దాటితే దేశద్రోహం అంత పనవుతుంది. ఇది అతను ఎక్కడా చదివి నేర్చుకోలేదు.

జార్ఖండ్ కూలీని అతను హిందీలో అడిగిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. "ఇక్కడ ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెప్తారు?" అని. అక్కడున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఒకతను, గది ఓనరుగారి భార్య ఒకసారి జ్వరానికి రసం కాచిచ్చిందని చెప్పాడు. ఇంకొకతను, రాత్రి ఏదైనా అయితే సూపర్‌వైజర్ ఫోనెత్తడని చెప్పాడు. ఆ ప్రశ్న ఎక్కడిదని తర్వాత కుర్రాణ్ణి అడిగితే, "మా అమ్మ నాన్నకి ఫోన్ చేస్తే మొదట అడిగేది అదే సార్" అన్నాడు.

ఇంటి ఓనర్లనీ అడిగారు. తలకింత అని అద్దె తీసుకుంటారు, ఒక గదిలో ఎంతమంది ఉంటే అంత. ఆధార్ జిరాక్స్ తీసుకుంటారు, ఏదైనా గొడవైతే మొదట వీళ్ళనే అడుగుతారు. ఓనర్లలో ఒకావిడ కొడుకు దుబాయ్‌లో డ్రైవర్. అతని పాస్‌పోర్ట్ కంపెనీవాళ్ళ దగ్గర ఉంటుందట. ఆవిడ అది బాధగా చెప్పింది, మరుక్షణమే ఆధార్ జిరాక్స్‌ల కట్ట తీసి చూపించింది. పిల్లలు ఎడిటింగ్‌లో ఆ రెండు ముక్కలనీ పక్కపక్కన పెట్టారు, మధ్యలో ఏ వ్యాఖ్యానమూ లేకుండా. మొదట ఒక అబ్బాయి వాటి మీద విషాద సంగీతం వేశాడు. మిగతావాళ్ళు తీసేయించారు. ఆవిణ్ణి చెడ్డదానిలా చూపించడం వాళ్ళకి ఇష్టం లేదు. పాకిస్తాన్‌కి చిక్కిన ఆ మత్స్యకారుల కథతో వచ్చిన 'తండేల్' సినిమా చూసి థియేటర్లో ఈలలు వేసిన పిల్లలే వీళ్ళు. సినిమాలో విలన్ ఎవరో మొదటి పావుగంటలో తెలిసిపోతుంది, ఇక్కడ వెతికినా దొరకడం లేదని వాళ్ళే చెప్పుకున్నారు.

లోకల్ కుర్రాళ్ళ వాదనా తీసుకురమ్మన్నాను. ఐటీఐ చేసి ఖాళీగా ఉన్న ఒకతను కెమెరా ముందు గట్టిగా మాట్లాడాడు. మా భూములు తీసుకుని కట్టిన ఫ్యాక్టరీలో మాకు పనివ్వరు, లోకల్‌వాడు యూనియన్ పెడతాడని, పండక్కి సెలవడుగుతాడని భయం అన్నాడు. అతని మాట మూడు నిమిషాలు ఉంది, ఒక్క ముక్క కత్తిరించలేదు.

ఏం మారింది, ఏం మారలేదు

చివర్లో మళ్ళీ అదే పేజీ, 'మా ప్రాంతం సమస్యలు', రాయించాను. పాత కాగితాలు పక్కన పెట్టుకుని చదివాను. 'హిందీవాళ్ళు' అనే మాట చాలా తగ్గింది, దాని స్థానంలో 'కాంట్రాక్టు లేబర్' అని వచ్చింది. కూలి రేటు ఎందుకు పడుతోంది అన్నచోట కాంట్రాక్టర్, కంపెనీ అనే మాటలు కొత్తగా కనపడ్డాయి. సాయంత్రాలు రోడ్డు మీద భయం అని రాసిన అమ్మాయిలు అది మళ్ళీ రాశారు. వీధి దీపాలు లేవనీ, బస్సు ఆలస్యమనీ, తాగి ఉండేవాళ్ళలో మన ఊరివాళ్ళూ ఉంటారనీ ఈసారి చేర్చారు. భయం పోలేదు, పోవాలని నేను చెప్పనూ లేదు. అది నిజమైన భయం.

ఒక అబ్బాయి అభిప్రాయం మారలేదు. ఫ్యాక్టరీల్లో నూటికి 75 ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న 2019 నాటి రాష్ట్ర చట్టాన్ని ప్రస్తావించి, అది అమలు కావాలని రెండు పేజీలు రాశాడు. చదివి సంతోషించాను. మొదటి కాగితంలో అతను రాసింది తిట్టు, రెండోది వాదన. దాంతో నేను ఏకీభవించను. కొత్తూరు కుర్రాడు చెన్నై వెళ్ళే హక్కు, జార్ఖండ్ కుర్రాడు ఇక్కడికొచ్చే హక్కు ఒకే రాజ్యాంగ అధికరణంలో ఉన్నాయి, 19వ అధికరణం. ఒకటి కోసేస్తే రెండోది నిలవదు. ఆ మాట అతని కాగితం మీద రాసి ఇచ్చాను. అతను దానికి జవాబు రాసుకొచ్చాడు. చర్చ ఇంకా నడుస్తోంది.

ఒక తండ్రి కాలేజీకి వచ్చి అభ్యంతరం చెప్పారు. అమెరికా పంపాలనుకుంటున్న పిల్లకి ఈ హత్యలు, కోర్టు కేసులు చూపించి టెన్షన్ పెడతారేంటని. ఆయన బాధ నాకు అర్థమైంది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో శ్రీనివాస్ కూచిభొట్లని 'నా దేశం నుంచి పో' అని అరుస్తూ కాల్చి చంపినప్పుడు తెలుగు ఇళ్ళన్నిటిలో ఆ భయమే కదా. అదే రోజు అడ్డం వెళ్ళి బుల్లెట్ తగిలించుకున్న తెల్ల అమెరికన్ ఇయాన్ గ్రిలాట్ గురించీ క్లాసులో చెప్తానని ఆయనకి చెప్పాను. తెలియకుండా వెళ్ళడం కంటే తెలిసి వెళ్ళడం మేలని ఆ అమ్మాయే తండ్రికి సర్దిచెప్పింది.

ఇది చేయాలనుకునే లెక్చరర్లకి రెండు మాటలు. సినిమా తర్వాత 'మీకేం అర్థమైంది' అని అడగొద్దు, పిల్లలు మనం వినాలనుకున్నదే చెప్తారు. ఒక షాట్ చూపించి, ఇందులో ఏం కనపడుతోంది అని అడగండి. ఇక బ్యాచ్‌లో అన్ని కులాల పిల్లలూ ఉన్నారని, వాళ్ళ మధ్య కూడా గీతలున్నాయని మర్చిపోకూడదు. గ్రూపులు వాళ్ళంతట వాళ్ళు కట్టుకుంటే ఒక్కో గ్రూపు ఒక్కో కులమవుతుంది. నేను రోల్ నంబర్ల ప్రకారం కట్టాను.

వచ్చే బ్యాచ్‌కి కొటియా గ్రామాలు తీసుకోవాలనుకుంటున్నాను. పూర్వపు విజయనగరం జిల్లా సాలూరు వైపు, ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న కొండ ఊళ్ళు. అక్కడి గిరిజనులకి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రేషన్ కార్డులు ఉన్నాయి. మహేంద్రగిరి అవతల, ఒడిశాలోని చంద్రగిరిలో 1963 నుంచి ఉంటున్న టిబెటన్ల సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. 1950 జనవరి 26కీ 1987 జులై 1కీ మధ్య ఇక్కడ పుట్టిన టిబెటన్లు చట్టప్రకారం భారత పౌరులే, తర్వాత పుట్టిన తమ్ముడు కాకపోవచ్చు. రెండు కార్డులున్న ఊరినీ, ఒకే ఇంట్లో రెండు హోదాలున్న కుటుంబాన్నీ పక్కపక్కన పెట్టి, 5 నుంచి 11 అధికరణలూ, 1955 పౌరసత్వ చట్టమూ అప్పుడు చదివిస్తాను. కొటియా వెళ్ళడానికి రెండు జిల్లాల అనుమతులు కావాలి, దరఖాస్తు పెట్టాం.